తొమ్మిది రాత్రులు వేసుకుని మానేసిన ఆందోళన మాత్ర: మానాక ఒంట్లో ఇంకా బాగోలేదు

తెనాలి లెక్కలవాడు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. నాకు 31 ఏళ్ళు. ఒక ఆడిటరు గారి దగ్గర పని చేస్తున్నాను. మార్చి నెలాఖరు పనుల వల్ల వరుసగా పది రోజులు రాత్రి పన్నెండు దాటేదాకా కార్యాలయంలోనే ఉండవలసి వచ్చింది. అలాంటి ఒక రాత్రి ఇంటికి వచ్చి కాళ్ళూ చేతులూ కడుక్కుంటుండగా ఉన్నట్టుండి గుండె దడదడలాడింది, వేళ్ళు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందడం లేదనిపించింది. ప్రాణం పోతోందనే అనుకున్నాను. మా బావగారు వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. ఈసీజీ తీసి, బీపీ, షుగరు చూసి గుండెకు ఏమీ లేదని చెప్పారు. మర్నాడు చూసిన ఫిజీషియన్ గారు ఇది ఆందోళన వల్ల వచ్చినదేనని చెప్పి, రాత్రి భోజనం తరువాత రోజుకు ఒకటి చొప్పున 15 మాత్రలు రాసి, అవి అయిపోయాక మళ్ళీ రమ్మన్నారు. బయట నలభై మంది ఎదురుచూస్తున్నారు కనుక నేనూ ఎక్కువ ప్రశ్నలు వేయలేదు.

మొదటి రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయాను. ఇబ్బంది మూడో రోజు నుంచి మొదలైంది. పొద్దున్నే పళ్ళు తోముకుంటుంటే వికారం వచ్చేది, ఇడ్లీ ముక్క నోట్లో పెట్టుకుంటే మింగుడు పడేది కాదు, రోజుకు రెండు మూడు సార్లు నీళ్ళ విరేచనం అయ్యేది. అన్నిటికన్నా విచిత్రం ఆవలింతలు. నిద్ర రాకపోయినా అవి మాత్రం వస్తూనే ఉండేవి. ఒక క్లయింటు ఎదురుగా కూర్చుని జీఎస్టీ లెక్కలు చెబుతూ నిమిషానికి రెండుసార్లు నోరు తెరుస్తుంటే, ఆయన కాసేపు నా ముఖం వంక చూసి, "పోనీ రేపు మాట్లాడుకుందామా?" అన్నారు. మధ్యాహ్నం వేళ కాలు ఒకచోట నిలవనివ్వని అలజడి ఉండేది. ఇంతలో మా పెదనాన్నగారికి ఈ మాత్రల సంగతి తెలిసింది. ఇవి ఒకసారి మొదలుపెడితే జన్మంతా వదలవని ఆయన అన్నారు. తొమ్మిదో మాత్ర తరువాత ఎవరికీ చెప్పకుండా మానేశాను.

మానిన మొదటి రెండు రోజులు హాయిగానే ఉండడంతో పెదనాన్నగారి మాటే నిజమనుకున్నాను. మూడో రోజు రాత్రి నుంచి నిద్ర పూర్తిగా పోయింది. తల పక్కకు తిప్పితే చూపు ఒక్క క్షణం ఆలస్యంగా వెంట వస్తున్నట్టు ఉంటోంది. వికారం అలాగే ఉంది. చిన్న మాటకే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి, ఇది నాకు ఎన్నడూ లేని అలవాటు. ఈ రోజుకు మాత్ర మాని ఆరు రోజులు.

ఇది మందు చేసిన చెరుపా, మందుకు అలవాటు పడడం వల్ల వచ్చినదా, లేక పాత జబ్బే తిరిగి వచ్చిందా అన్నది నాకు తేలడం లేదు. తొమ్మిది మాత్రలకే మెదడులో శాశ్వతంగా ఏమైనా మారిపోతుందా అని రాత్రుళ్ళు భయం వేస్తోంది. ఇంకా ఆరు మాత్రలు మిగిలాయి, మళ్ళీ మొదలుపెట్టమంటారా? మరొక విషయం. కార్యాలయంలో ఒక పెద్దాయన తన దగ్గరున్న చిన్న మాత్ర ఒకటి బిల్లు కాగితంలో చుట్టి ఇచ్చి, ఇది వేసుకుంటే అరగంటలో అంతా సర్దుకుంటుందన్నారు. వేసుకునే ధైర్యమూ లేక, పారేసే ధైర్యమూ లేక దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నాను.

రాజమండ్రి మందులషాపు

మీరు ఇంత వివరంగా రాశారు గానీ అసలు వేసుకున్న మందు పేరు రాయలేదు. కంపెనీ పెట్టిన పేరు నాకు అక్కరలేదు. షీటు వెనక వైపు, మెరిసే రేకు మీద చిన్న అక్షరాలతో లోపలి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములో ఉంటాయి. అవి చూసి చెప్పండి.

తెనాలి లెక్కలవాడు

కత్తిరించి ఇచ్చిన షీటు కావడంతో సగం అక్షరాలు పోయాయి. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూశాను. రెండు పేర్లు ఉన్నాయి: ఎస్సిటాలోప్రామ్ 10 మి.గ్రా., క్లోనజెపామ్ 0.5 మి.గ్రా. ఒకే మాత్రలో రెండు మందులు ఉన్నాయని నాకు ఇప్పుడే తెలిసింది.

రాజమండ్రి మందులషాపు

నేను అనుకున్నది అదే. ఇరవై రెండేళ్ళుగా కౌంటరు వెనక నిలబడుతున్నాను. ఈ జంట మాత్ర తీసుకువెళ్ళేవారిలో పదిమందిలో తొమ్మిదిమందికి అందులో రెండు మందులున్నాయని తెలియదు. చీటీలో ఒకే పేరు ఉంటుంది, చేతికి ఒకే మాత్ర వస్తుంది. మాకూ చెప్పే తీరిక ఉండదు, ఆ తప్పులో మా వాటా మాకుంది.

ఈ రెండు మందులూ ఒకే కాడికి కట్టిన వేరువేరు ఎడ్ల వంటివి. క్లోనజెపామ్ వేసిన గంటకే పని మొదలుపెడుతుంది. మీరు మొదటి రాత్రి ఒళ్ళు తెలియకుండా నిద్రపోయింది దాని వల్లనే. ఎస్సిటాలోప్రామ్ నిదానంగా కదిలే ఎద్దు. అది ఆందోళనను తగ్గించడం మొదలుపెట్టడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, కానీ వికారం, విరేచనాలు, ఆవలింతలు, అలజడి మాత్రం మొదటి వారంలోనే తెచ్చిపెడుతుంది. ఆ మొదటి రోజుల అలజడిని కప్పి ఉంచడానికే రెండోదాన్ని జతచేసి కొద్ది వారాలకు రాస్తారు. మీరు ఒక మాత్ర మానేశానని అనుకుంటున్నారు గానీ, నిజానికి ఒకే రోజున రెండు మందులు మానేశారు. ఇలాంటి మాత్రలో ఇంకొక చిక్కు కూడా ఉంది: సగానికి విరిస్తే రెండూ సగమవుతాయి. ఒకటి తగ్గించి మరొకటి ఉంచుదామంటే దారి లేదు.

నా అనుభవంలో, ఇలా ఉన్నట్టుండి ఆపినవారికి నిద్ర చెడేది క్లోనజెపామ్ వల్లనే. మీకూ అదే అయి ఉంటుందని నా అభిప్రాయం.

ఇక మీ జేబులోని మాత్ర. ఆ పెద్దాయన చెప్పిన తీరును బట్టి అది ఆల్ప్రజోలామ్ అయి ఉండవచ్చు. అది కూడా క్లోనజెపామ్ కుటుంబానికి చెందినదే. ఆల్ప్రజోలామ్‌తో సహా ఈ కుటుంబంలోని కొన్ని మందులను 2014 మార్చి నుంచి హెచ్1 అనే, అమ్మకం మీద కట్టడి ఎక్కువగా ఉన్న మందుల జాబితాలో పెట్టారు. అవి అమ్మినప్పుడు డాక్టరు పేరు, రోగి పేరు, ఎన్ని ఇచ్చామన్నది విడిగా ఒక రిజిస్టరులో రాసి, దాన్ని మూడేళ్ళు దాచాలి. షీటు మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక అచ్చువేస్తారు. ఇంత కట్టడి ఉన్న వస్తువును బిల్లు కాగితంలో చుట్టి ఇవ్వడం ఎంతటి ప్రేమతో చేసినా ప్రమాదమే. దయచేసి వేసుకోకండి.

పచ్చని ఆకు

మనసుకు సంబంధించిన ఇంగ్లీషు మందులన్నీ విషాలే. మీరు మానేసి మంచి పని చేశారు. రోజూ రెండు పూటలా అశ్వగంధ చూర్ణం పాలలో కలుపుకుని తాగండి, నెల రోజుల్లో మీకే తెలుస్తుంది. ఎవరి దగ్గరకూ వెళ్ళనవసరం లేదు.

హన్మకొండ పంతులమ్మ

తమ్ముడూ, నీ ఉత్తరం చదువుతుంటే మూడేళ్ళ కిందటి నన్ను నేను చూసుకున్నట్టు ఉంది. నాకు రాసింది ఎస్సిటాలోప్రామ్ ఒక్కటే, అది కూడా 10 మి.గ్రా. నుంచే మొదలుపెట్టారు. పన్నెండు రోజులు వేసుకుని, నాలుగో తరగతి పిల్లల ముందు సుద్దముక్క పట్టుకుంటే చెయ్యి వణుకుతోందని మానేశాను. ప్రధానోపాధ్యాయురాలికి గ్యాస్ట్రిక్ బాధ అని చెప్పాను. ఇంట్లో నా భర్తకు తప్ప మరెవరికీ తెలియదు.

నేను చేసిన అసలు తప్పు మానడం కాదు, ఆ తరువాత చేసింది. బాగోలేని రోజున ఒకటి వేసుకోవడం, బాగున్న రోజున మానడం, ఇలా రెండు నెలలు నడిపాను. ఈ మందు తలనొప్పి మాత్ర లాంటిది కాదని, ఒక రోజు వేసుకుంటే ఆ రోజుకు పనికొచ్చేది కాదని నాకు తెలియదు. మేలు చేసే స్థాయికి ఒంట్లో ఎప్పుడూ చేరలేదు గానీ, వికారం మాత్రం ప్రతిసారీ కొత్తగా మొదలయ్యేది.

చివరికి ఒక సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్ళాను. ఆమె మందు రాయకముందే ఒక పని చెప్పారు. నా పాఠ్యప్రణాళిక పుస్తకం చివరి పేజీలో హాజరుపట్టీలా గడులు గీసి, తేదీ, మాత్ర వేసుకున్నానా లేదా, ఎన్ని గంటలు నిద్రపోయాను, పొద్దున టిఫిను తిన్నానా, ఎన్ని కాఫీలు తాగాను, నెలసరి రోజులు, బాధ ఎంత ఉంది, ఇవన్నీ రెండు వారాలు రాయమన్నారు. రాసి చూస్తే నాకే ఆశ్చర్యం వేసింది. మందు వల్లనే అనుకున్న గుండెదడ, టిఫిను మానేసి స్టాఫ్ రూములో మూడు కాఫీలు తాగిన రోజుల్లోనే ఎక్కువగా ఉంది. నెలసరికి ముందు నాలుగు రోజులు మాత్ర వేసుకున్నా లేకపోయినా ఏడుపు వచ్చింది. అలాగని అన్నీ కాఫీ మీదకు తోసేయడం లేదు, మందు వల్ల వచ్చినవి కూడా ఆ గడుల్లో స్పష్టంగానే కనిపించాయి.

ఆ కాగితం చూశాకే ఆమె మందు మళ్ళీ మొదలుపెట్టారు, ఈసారి 5 మి.గ్రా., పొద్దున టిఫిను తరువాత. వారం పదిరోజులకు 10 చేశారు. వికారం ఈసారీ వచ్చింది గానీ పాఠం ఆపేంత రాలేదు. తొమ్మిది నెలలు వాడి, ఆమె చెప్పిన లెక్క ప్రకారం రెండు నెలల పాటు తగ్గించుకుంటూ వచ్చి ఆపాను. జన్మంతా వదలవనే మాట నాకు మా అత్తగారు చెప్పారు, నీకు మీ పెదనాన్నగారు చెప్పారు. మనసు మందులకు ప్రతి ఇంట్లో ఒక ప్రవక్త ఉంటారు కాబోలు.

నువ్వు పగలంతా లెక్కలు రాసేవాడివి. ఇవి కూడా ఒక కాగితం మీద రాసి చూడు.

వాల్తేరు వైద్యుడు

నేను మానసిక వైద్యంలో ఉన్నాను. మిమ్మల్ని చూడకుండా, మీ నాడి పట్టకుండా ఇది ఫలానా అని నిర్ధారించడం నా వల్ల కాదు. అయితే మీరు తేదీలు చక్కగా రాశారు కనుక, మీ డాక్టరు గారి దగ్గరకు తిరిగి వెళ్ళేలోపు వాటిని ఎలా చదవాలో చెప్పగలను.

మీరు మూడింటిలో ఏదని అడిగారు. నా అంచనాలో మూడూ ఉన్నాయి, మూడు కాలువల నీళ్ళు ఒకే చెరువులో కలిసినట్టు కలిసిపోయాయి. ఏ నీరు ఎక్కడిదో ఈ రోజు విడదీయలేము గానీ, ఏ కాలువ ఎప్పుడు ఎండుతుందో లెక్క కట్టవచ్చు.

మొదటిది ఎస్సిటాలోప్రామ్ తొలి రోజుల్లో తెచ్చే ఇబ్బందులు. ఈ మందు సెరటోనిన్ అనే రసాయనం మీద పని చేస్తుంది. శరీరంలోని సెరటోనిన్‌లో సుమారు 90 శాతం పేగుల్లోనే ఉంటుంది. అందుకే మనసుకు వేసిన మందు ముందుగా కడుపును కదిలిస్తుంది. మీకు వచ్చిన వికారం, విరేచనాలు, ఆవలింతలు, కాలు నిలవని అలజడి అన్నీ ఈ మందుకు తెలిసిన లక్షణాలే, సాధారణంగా ఒకటి రెండు వారాల్లో తగ్గిపోతాయి. మీరు తొమ్మిదో రోజున ఆపారు. దుక్కి దున్ని, నాట్లు వేసి, కలుపు తీసి, కంకి పడకముందే పొలం వదిలేసినట్టయింది. కష్టమంతా పడ్డారు, ఫలం దగ్గరకు వచ్చేసరికి దిగిపోయారు. తప్పు పట్టడానికి ఈ మాట అనడం లేదు. ఇలా ఉంటుందని మొదటి రోజే ఎవరైనా రెండు నిమిషాలు చెప్పి ఉంటే మీరు ఆపేవారు కాదేమో.

ఆపిన తరువాత కూడా వికారం ఎందుకు ఉందంటే, మందు ఆపిన రోజునే ఒంట్లోంచి పోదు. ఎస్సిటాలోప్రామ్ అర్ధజీవిత కాలం సుమారు 30 గంటలు, అంటే రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి అంత సమయం పడుతుంది. అలా ఐదుసార్లు సగమైతే దాదాపు పోయినట్టు లెక్క, అందుకు ఆరు రోజులకు పైగానే కావాలి. మీరు ఈ ప్రశ్న రాసిన రోజుకు ఆ ప్రయాణం ఇప్పుడిప్పుడే ముగుస్తోంది.

రెండో కాలువ క్లోనజెపామ్. రాజమండ్రి వారు చెప్పినదాంతో నేను సగమే ఏకీభవిస్తాను. క్లోనజెపామ్ అర్ధజీవిత కాలం ఇంచుమించు 30 నుంచి 40 గంటలు కనుక అది తనంత తానే మెల్లగా దిగుతుంది, ఆల్ప్రజోలామ్‌లా ఒక్కసారిగా జారిపోదు. 0.5 మి.గ్రా. చొప్పున తొమ్మిది రాత్రులు వాడినందుకు శరీరం దానికి బానిస కావడం అనేది సాధారణంగా జరగదు. కానీ ఆపాక కొన్ని రాత్రులు నిద్ర మునుపటికన్నా చెడడం మాత్రం ఉంటుంది. మీకు మొదటి రెండు రోజులు బాగుండి మూడో రాత్రి నుంచి నిద్ర పోవడం ఈ నెమ్మది దిగుడుకు సరిపోతోంది. ఇది రోజుల్లో తగ్గే వ్యవహారం. ఇదే మందును నెలల తరబడి, ఎక్కువ మోతాదులో వాడినవారి విషయం పూర్తిగా వేరు. వారు ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ కూడా రావచ్చు, అందువల్ల నేను చెప్పినదాన్ని ఇతర పాఠకులు తమకు వర్తింపజేసుకోకూడదు.

తల తిప్పితే చూపు ఆలస్యంగా రావడం, ఊరికే కళ్ళలో నీళ్ళు తిరగడం ఎస్సిటాలోప్రామ్ వంటి మందులు ఆపినప్పుడు చాలామంది చెప్పే మాటలే. అయితే అవి ఎక్కువగా నాలుగు వారాలో అంతకు మించో వాడి ఆపినవారిలో కనిపిస్తాయి. తొమ్మిది రోజులకు అరుదు, అసలు రావని మాత్రం అనలేను. 2024లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో జర్మనీ పరిశోధకులు 79 అధ్యయనాలలోని 21 వేల మంది వివరాలను కలిపి చూశారు. ఇలాంటి మందులు ఆపినవారిలో సుమారు 31 శాతం మందికి ఏదో ఒక లక్షణం వచ్చింది. ఏ మందూ లేని ఉత్తుత్తి మాత్ర ఆపినవారిలో కూడా 17 శాతం మందికి వచ్చింది. తీవ్రంగా బాధపడినవారు 3 శాతం లోపే. ఆ 17 శాతం మందీ అబద్ధం చెప్పలేదు, వారికి నిజంగానే ఏదో ఒక బాధ కలిగింది. ఏదో జరుగుతుందని ఒంటిని కాపలా కాస్తూ కూర్చుంటే శరీరం ఏదో ఒకటి వినిపిస్తూనే ఉంటుంది.

మూడో కాలువ, మీరు అసలు ఆసుపత్రికి వెళ్ళడానికి కారణమైన ఆందోళన. దానికి ఇంకా వైద్యం జరగనే లేదు. రెండు వారాలుగా సరైన తిండి లేదు, మూడు నాలుగు రాత్రులుగా నిద్ర లేదు, పైగా మెదడు చెడిపోయిందేమోనన్న భయం కూడా వచ్చి చేరింది. ఆ భయానికి సూటిగా జవాబు చెబుతాను: ఈ మోతాదులో తొమ్మిది రోజులు వాడినందుకు మెదడులో శాశ్వతమైన మార్పు వస్తుందని భయపడవలసిన పని లేదు.

ఇక మిగిలిన ఆరు మాత్రలు. మీ అంతట మీరు మళ్ళీ మొదలుపెట్టకండి. నేనైతే ఆ జంట మాత్రను పక్కన పెట్టి, మందు అవసరమని తేలితే ఎస్సిటాలోప్రామ్‌ను విడిగా 5 మి.గ్రా.తో పొద్దున టిఫిను తరువాత మొదలుపెడతాను, నిద్ర మందు కావలసి వస్తే దాన్ని వేరే చీటీ గీతలో, ఎన్ని రాత్రులో అంకె వేసి రాస్తాను. రెండూ విడిగా ఉంటే దేన్ని ఎప్పుడు తగ్గించాలో మన చేతిలో ఉంటుంది. కొందరికి మందు లేకుండా ఆలోచనా ధోరణిని సరిచేసే కౌన్సెలింగుతోనే సరిపోతుంది. మీకు ఏది తగునో మిమ్మల్ని చూసినవారే చెప్పాలి. వెళ్ళినప్పుడు థైరాయిడ్, హీమోగ్లోబిన్, సోడియం పరీక్షలు అవసరమా అని అడగండి. థైరాయిడ్ ఎక్కువైనా గుండెదడ, చెమట, విరేచనాలు ఇలాగే వస్తాయి. ఈ రకం మందులు కొందరిలో, ముఖ్యంగా పెద్దవయసువారిలో, బీపీకి నీటి మాత్ర వాడేవారిలో సోడియం తగ్గిస్తాయి. మీ వయసుకు ఆ అవకాశం తక్కువే గానీ, వికారం, నీరసం ఇన్ని రోజులు ఉన్నప్పుడు చూసుకోవడంలో తప్పు లేదు. నడుం నొప్పికో తలనొప్పికో ట్రమడాల్ వంటి మాత్రలేమైనా వాడుతుంటే తప్పక చెప్పండి, ఎస్సిటాలోప్రామ్‌తో అది పడదు.

కళ్ళు తిరగడం తగ్గేదాకా బండి నడపకండి, మద్యం జోలికి వెళ్ళకండి. విరేచనాలు ఉంటే ఓఆర్ఎస్ తాగండి. స్పృహ తప్పినా, ఫిట్స్ వచ్చినా, ఛాతీలో నొప్పి వచ్చినా, జ్వరంతో పాటు ఒళ్ళు బిగుసుకుని మాట తడబడినా, లేదా బతకడం ఎందుకన్న ఆలోచన ఒక్కసారి తలెత్తినా మర్నాటి ఓపీ కోసం ఆగకండి, వెంటనే అత్యవసర విభాగానికి వెళ్ళండి. మాట్లాడే మనిషి కావాలనిపిస్తే ప్రభుత్వం నడిపే మానసిక సహాయ ఫోను సేవ టెలి మానస్ నంబరు 14416 ఉంది. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు.

పచ్చని ఆకు గారికి ఒక మాట. అశ్వగంధ మీద నాకు ద్వేషం లేదు. కానీ అది కూడా ఒంటిలో పని చేసే పదార్థమే. థైరాయిడ్ హార్మోను పెంచగలదు, కొందరిలో కాలేయం దెబ్బతిన్న ఉదాహరణలు వైద్య పత్రికల్లో నమోదయ్యాయి. గుండెదడతో ఉన్న మనిషికి థైరాయిడ్ పరీక్ష కూడా చేయకముందే దాన్ని రోజుకు రెండు పూటలా తాగమనడం, ఎవరి దగ్గరకూ వెళ్ళనవసరం లేదనడం నాకు సమ్మతం కాదు.

రాజమండ్రి మందులషాపు

డాక్టరు గారి సవరణ ఒప్పుకుంటున్నాను. కౌంటరు దగ్గరకు వచ్చేది నెలల తరబడి వాడి ఇబ్బంది పడ్డవారే కావడంతో నాకు అందరూ అలాగే కనిపిస్తారు. తొమ్మిది రాత్రులు వాడి మానేసినవారు మా షాపుకు తిరిగి రారు కదా.

తెనాలి లెక్కలవాడు

ఆలస్యంగా రాస్తున్నాను, మన్నించండి. మాత్ర మానిన ఎనిమిదో రోజున ఆ ఫిజీషియన్ గారి దగ్గరకే వెళ్ళాను. అక్కయ్య చెప్పినట్టు గడులు గీసి, 17 రోజుల లెక్క ఒక ఫుల్‌స్కేప్ కాగితం మీద రాసి తీసుకువెళ్ళాను. మధ్యలో ఆపినందుకు కోప్పడతారని భయపడ్డాను. ఆయన కాగితం చదివి, "ఇది నాలుగో రోజునే తెచ్చి చూపించి ఉంటే బాగుండేది" అని మాత్రం అన్నారు. థైరాయిడ్, సోడియం, హీమోగ్లోబిన్ అన్నీ సరిగానే వచ్చాయి. గుంటూరులో ఒక సైకియాట్రిస్టు గారికి ఉత్తరం రాసి ఇచ్చారు.

అక్కడికి వెళ్ళేసరికే, అంటే పన్నెండో రోజుకు, వికారం పూర్తిగా పోయింది. తల తిప్పితే వచ్చే ఆ జారుడు కూడా రోజుకు ఒకటి రెండుసార్లకు తగ్గింది. నిద్ర ఐదు గంటలకు వచ్చింది. గుండెదడ, ఏ క్షణాన ఏమవుతుందోనన్న భయం మాత్రం తగ్గలేదు. అవి మూడో కాలువ నీళ్ళేనని ఆయన కూడా దాదాపు వాల్తేరు వారి మాటల్లోనే చెప్పారు. ఎస్సిటాలోప్రామ్ 5 మి.గ్రా. విడిగా, టిఫిను తరువాత రాశారు. నిద్ర మందు ప్రస్తుతానికి వద్దన్నారు. మొదటి పది రోజుల్లో ఏమేమి రావచ్చో చీటీ వెనక ఆయనే తెలుగులో రాసి ఇచ్చారు, ఆవలింతలతో సహా. ఈ రోజుకు ఆరో మాత్ర. కాస్త వికారం ఉంది, ఇడ్లీ మాత్రం దిగుతోంది.

జేబులోని మాత్ర ఏమైందని ఎవరూ అడగలేదు గానీ చెబుతాను. చొక్కాతో పాటు వాషింగ్ మెషిన్‌లోకి వెళ్ళింది. మా అమ్మ ఆ చొక్కా ఆరవేస్తూ, జేబు అడుగున పిండి ముద్దలా అంటుకున్న బిల్లు కాగితం చూసి ఇదేమిట్రా అని అడిగింది. ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఆసుపత్రికి వెళ్ళిన రాత్రి నుంచి మొదలుపెట్టి అంతా చెప్పేశాను. ఆమె తడి చొక్కా అలాగే చేతిలో పట్టుకుని విని, మీ నాన్నగారు కూడా నీ పెళ్ళికి ముందు ఏడాది ఇలాంటి మాత్రలే ఆరు నెలలు వేసుకున్నారని, ఆ సంగతి పెదనాన్నకు తెలియదని చెప్పింది.